నేను చదవని వాక్యం

ఒక ఉత్తరంలో ఒక వాక్యాన్ని నేను కావాలనే చదవకుండా దాటేశాను. ఆ తప్పు గురించే ఈ వ్యాసం.

నల్లకుంటలో నా మిత్రుడొకడు ఉంటాడు. నవలాకారుడు. నల్లగొండ జిల్లా పల్లెలో పుట్టినవాడు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. మాలో చాలామందికి లాగే అతనికీ అమ్మభాష నాలుక మీద ఉంది, కళ్ళకు లేదు. వింటే అర్థమవుతుంది, రాసి చూపిస్తే చదవలేడు. 2018లో అతని నవల వచ్చింది. తలాక్ అయ్యి ఇద్దరు పిల్లలతో పుట్టింటికి తిరిగొచ్చిన ఒక అక్క కథ. అంతకు ముందు ఏడాదే, 2017 ఆగస్టు 22న, ముమ్మారు తలాక్ చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏ చానెల్ తిప్పినా అదే చర్చ. ముస్లిం ఆడవాళ్ళ కన్నీళ్ళ మీద అంతకు ముందెన్నడూ లేని ప్రేమ దేశమంతా ఒక్కసారిగా పొంగింది. అలాంటి రోజుల్లో వచ్చిన నవల అది.

నవలకు పేరొచ్చింది. ఒక సభలో ఒక పెద్దమనిషి లేచి, 'మీవాళ్ళ గురించి ఇంత ధైర్యంగా రాసినందుకు అభినందనలు' అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా మిత్రుడు నమస్కారం పెట్టాడు. వెనక వరసలో ఉన్న నేను మాత్రం ఆ 'మీవాళ్ళు' దగ్గరే ఆగిపోయాను. ఆ పెద్దమనిషి మంచివాడే. మతకలహాలు జరిగినప్పుడల్లా శాంతి ఊరేగింపుల్లో మాతోపాటు నడిచినవాడే. చెడ్డవాడైతే ఇంతగా ఆలోచించే పనే లేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఆ ఉత్తరం వచ్చింది. ఉర్దూలో, నాలుగు పేజీలు, వణికే చేతి రాత. మిత్రుడు దాన్ని నా దగ్గరకు తెచ్చాడు. 'భాయ్, ఇదేదో నా నవల గురించే. నా పేరొక్కటే పోల్చుకోగలిగాను, అదీ కవరు మీద ఇంగ్లీషులో ఉంది కాబట్టి' అన్నాడు నవ్వుతూ. ఇద్దరం విద్యానగర్ మీదుగా నడుచుకుంటూ క్యాంపస్‌కు పోయి ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్నాం. నేను చదువుకున్నది ఆ కాలేజీలోనే.

ఆ చోటు గురించి ఒక మాట చెప్పాలి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే పాఠాలు చెప్పింది. అందుకోసం దారుల్ తర్జుమా అని ఒక అనువాద సంస్థనే పెట్టారు. చరిత్ర, న్యాయం, వైద్యం, గణితం, అన్నీ ఉర్దూలోకి తెచ్చారు. 1948 తర్వాత బోధన ఇంగ్లీషులోకి మారిపోయింది. ఒక ముస్లిం రచయిత తనకొచ్చిన ఉర్దూ ఉత్తరాన్ని ఇంకొకడి చేత చదివించుకోవడానికి ఆ మెట్ల మీదే కూర్చోవలసి వచ్చింది. దీనికి ఏడవాలా నవ్వాలా?

ఉత్తరం రాసినాయన లాల్‌గూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ముసలాయన. తార్నాకలో ఉంటాడు. ఆయనకు తెలుగు మాట వచ్చు, చదవడం రాదు. మనవరాలు రోజూ మగ్రిబ్ నమాజు తర్వాత కొన్ని పేజీలు చదివి వినిపించేదట. అలా నెల రోజులు నవలంతా విన్నాడు. మీలో ఎంతమంది ఒక నవలను అంత ఓపికగా చదివారు? రచయితకు ఇంతకంటే పెద్ద గౌరవం ఇంకేముంటుంది? కానీ ఆయన రాసింది మెచ్చుకోలు కాదు.

నేను చదువుతూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. నవలలోది అబద్ధమని ఆయన అనలేదు. ఆయన కూతురే అలా తిరిగొచ్చింది. 'మూడుసార్లు మాట అన్నవాణ్ణి రాశావు, బాగుంది. గుమ్మంలో నిలబడ్డ కూతుర్ని లోపలికి పిలిచిన తండ్రిని ఎందుకు రాయలేదు? రాత్రంతా కుట్టుమిషను తొక్కి పిల్లల్ని చదివించినదాన్ని ఎందుకు రాయలేదు? నీ నవలలో మా ఇళ్ళల్లో ఏడ్చేవాళ్ళూ ఏడిపించేవాళ్ళే ఉన్నారు, మనుషులు లేరు' అని రాశాడు. అక్కడిదాకా ఉన్నదున్నట్టే చెప్పాను. ఆ తర్వాత ఒక వాక్యం వచ్చింది. నా గొంతు ఆగింది. మిత్రుడి ముఖం చూశాను. అప్పటికే నల్లబడి ఉంది. ఆ వాక్యం వదిలేసి, 'దువా చేస్తున్నాను అంటున్నాడు' అని ముగించాను.

మిత్రుడు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ వారమే మర్యాదగా జవాబు రాశాడు. నేనే దాన్ని ఉర్దూ చేశాను. మీ సూచనలు గమనించాను, నవల అంటే అందర్నీ చూపించే ఫోటో కాదు, రచయితకు ఎంచుకునే స్వేచ్ఛ ఉంటుంది, వగైరా. తప్పుపట్టడానికేమీ లేని జవాబు.

పదిహేను రోజులకు ముసలాయన దగ్గర్నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. ఒకే ఒక్క మాట. 'బేటా, అన్నిటికీ జవాబు చెప్పావు, నేను అడిగినదానికి తప్ప.'

ఆ కార్డు చదివి వినిపించేటప్పుడు ఇక దాచలేకపోయాను. చదవని వాక్యాన్ని అప్పుడు చదివాను. 'నువ్వు మా ఇంటి తలుపు తెరిచిపెట్టావు, లోపలికి ఎవరెవరు వస్తున్నారో చూడకుండానే వెళ్ళిపోయావు.'

మిత్రుడు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చాలాసేపటికి, 'నువ్వు నన్ను కాపాడలేదు యార్. ఆయన దగ్గర నన్ను మూర్ఖుణ్ణి చేశావు' అన్నాడు.

అప్పట్నుంచీ నన్ను ఒకే ప్రశ్న తొలుస్తున్నది. బాగోలేదన్న పాఠకుడికి రచయిత ఏం బాకీ? మాలాంటి మైనారిటీ రచయితకు ఈ ప్రశ్న ఇంకా బరువు. మిగతావాళ్ళకు నవల బాగోలేదంటే బాగోలేదనే. మాకు అలా కాదు. ఇంట్లోవాళ్ళు 'పరువు తీశావు' అంటారు, బయటివాళ్ళు 'భలే బయటపెట్టావు' అంటారు. ఇద్దరూ చెప్పేది ఒకటే, ఒకరు కోపంగా, ఇంకొకరు సంతోషంగా.

పాఠకుల కోపం మనకు కొత్తేమీ కాదు. ఇస్మత్ చుగ్తాయ్ 'లిహాఫ్' కథ 1942లో అచ్చయింది. అశ్లీలమని కేసు పెడితే ఆమె లాహోర్ కోర్టుకు పోవలసి వచ్చింది. ఇదీ బూతు మాట అని కథలో ఒక్కటీ చూపించలేకపోయారు, కేసు నిలవలేదు. 1945లో మన హైదరాబాదులోనే ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభ జరిగింది. సాహిత్యంలో అశ్లీలాన్ని ఖండించే తీర్మానం ఒకటి అక్కడ ముందుకొచ్చింది. దాన్ని వ్యతిరేకించింది ఎవరు? మౌలానా హస్రత్ మోహానీ! తీర్మానం వీగిపోయింది. ఇక 2007 ఆగస్టు 9న ఇదే నగరంలో ప్రెస్ క్లబ్‌లో తస్లీమా నస్రీన్ పుస్తకం తెలుగు అనువాదం ఆవిష్కరిస్తుంటే సభలోకి దూసుకొచ్చి దాడి చేశారు. వాళ్ళలో శాసనసభ్యులూ ఉన్నారు. ఆ రోజే బయటికొస్తున్న పుస్తకాన్ని వాళ్ళు ఎప్పుడు చదివారు? అదే ఏడాది నవంబరులో, కలకత్తా వదిలి పోవలసి వచ్చాక, ఆమె తన ఆత్మకథలోని కొన్ని భాగాలను వెనక్కి తీసుకుంటున్నానని ప్రకటించవలసి వచ్చింది. దాన్ని పాఠకులకు ఇచ్చిన జవాబు అనగలమా? అది భయం పుట్టించిన మాట.

కోర్టుకు, తీర్మానానికి, విసిరిన కుర్చీకి రచయిత ఏ బాకీ లేడు. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ నెల రోజులు కూర్చుని విన్న ముసలాయన్ను కూడా ఆ గుంపులోనే కట్టేసి, 'వీళ్ళంతా ఛాందసులు, ఇంతే' అనేస్తే? అది మనకు చాలా సుఖంగా ఉంటుంది. ఆ సుఖం కోసమే చాలామంది అభ్యుదయ రచయితలు అలా అనేస్తుంటారు. ఆయన నవల తగలబెట్టమనలేదు. తలుపు మూసెయ్యమని కూడా అనలేదు. లోపలికి ఎవరొస్తున్నారో చూడమన్నాడు. ఈ రెంటికీ తేడా తెలియకపోతే మనం రాయడం ఎందుకు?

ఇస్మత్ ఆత్మకథలోని ఇంకొక సంగతి నాకు మాటిమాటికీ గుర్తొస్తుంది. 'లిహాఫ్'లోని బేగంకు మూలమైనావిడ ఏళ్ళ తర్వాత ఎదురుపడింది. ఇస్మత్ భయపడింది. ఆవిడ మాత్రం కోప్పడలేదు. నవాబును వదిలేసి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాననీ, కొడుకు పుట్టాడనీ చెప్పి భోజనానికి పిలిచింది. ఎవరి గురించి రాశామో వాళ్ళ ముఖం చూడగలగడం, అన్ని తీర్పుల కంటే పెద్ద తీర్పు అదే. అన్నిసార్లూ అది భోజనంతోనే ముగుస్తుందని మాత్రం అనుకోవద్దు.

చివరికి ఒక ఆదివారం ఇద్దరం తార్నాక పోయాం. చిన్న ఇల్లు. ముందుగదిలో కుట్టుమిషను. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. చేసిన తప్పు నేనే చెప్పాను. 'చచా, మీ వాక్యం ఒకటి నేను చదవలేదు. అతని తప్పు లేదు' అన్నాను. ఆయన నా వైపు చూసి, 'నాకు కోపం వచ్చిందని చెబితే చచ్చిపోతాడనుకున్నావా?' అన్నాడు. అంతే.

మిత్రుడు తన మాట ఉర్దూలోనే చెప్పాడు, మా ఇళ్ళల్లో మాట్లాడుకునే ఆ ఉర్దూలోనే. 'చచా, నవలలో ఒక్క అక్షరం మార్చను. అది మా అక్క కథ. కానీ ఎవరొస్తున్నారో చూడలేదన్న మాట నిజమే. వాళ్ళు చప్పట్లు కొడుతుంటే నేను చేతులు జోడించాను. ఆ రోజు లేచి, మీవాళ్ళు ఎవరని అడగవలసింది.'

ముసలాయన తల ఊపాడు. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. ఆయనకు నవల నచ్చలేదు, ఈ రోజుకీ నచ్చి ఉండదు. లోపలి గదిలోంచి మిషను చప్పుడు మొదలైంది. ఆ కూతురు మాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమె ఉత్తరం ఇంకా ఎవరూ రాయలేదు.

కాబట్టి నాకు అర్థమైంది ఇది. నచ్చలేదన్న పాఠకుడికి రచయిత బాకీ ఉన్నది క్షమాపణ కాదు, సంజాయిషీ కాదు, దిద్దుబాటు అంతకన్నా కాదు. ఆ మాటను చివరి వాక్యం దాకా వినడం. విన్న తర్వాత కూడా తన మాట మీద నిలబడితే అది నిలబడటం అవుతుంది. వినకుండా నిలబడితే అది ఒట్టి మొండితనం. 'మీవాళ్ళు' అనే మిత్రులు కూడా ఒక మాట వినాలి. మా ఇంటి కోపాన్ని మేం మీకు మెత్తగా అనువాదం చేసి చెబుతున్నంతకాలం మీరు మమ్మల్ని చదవలేదు. మేం వదిలేసినంత మేర వదిలేసి చదివారు, అంతే.

ఇక నాలాంటివాళ్ళు, రెండు భాషల మధ్య నిలబడ్డవాళ్ళు. మేం దాటేసేది ఎప్పుడూ మంచి ఉద్దేశంతోనే. నా మిత్రుడికి రావలసిన దెబ్బను, ముసలాయనకు రావలసిన జవాబును, రెంటినీ కలిపి మింగేశాను నేను. దానికే ఇన్నాళ్ళూ స్నేహం అని పేరు పెట్టుకున్నాను.

మొన్న నల్లకుంటలో మిత్రుడు ఇంకో ఉర్దూ ఉత్తరం చేతిలో పెట్టాడు. 'అంతా చదువు' అన్నాడు. అంతా చదివాను.