రోగికి అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటు

మా మొహల్లాలో ఒక ఖాలా ఉన్నారు. అరవై దాటిన వయసు. పదిహేనేళ్లుగా షుగర్ వ్యాధి, ఉదయం రాత్రి ఇన్సులిన్. కొన్నేళ్ల క్రితం రమజాన్‌లో, పద్దెనిమిదో రోజా నాడు అసర్ నమాజు తర్వాత ఆమె పకోడీలకు శనగపిండి కలుపుతూ వంటింట్లోనే కూలబడిపోయారు. ఒళ్లంతా చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు. కోడలు పరుగున చక్కెర నీళ్లు తెచ్చి నోటికి అందిస్తే ఆమె పెదవులు బిగించి తల తిప్పేసుకున్నారు. "ఇంకెంత, గంటన్నరే కదా! నా రోజా పాడు చేయకు బేటీ" అన్నది ఆమె మాట. మేము వెళ్లేసరికి మనవడు గ్లాసు పట్టుకుని ఏడుస్తున్నాడు. ఇంతలో కొడుకు మస్జిద్ నుంచి వచ్చి, తల్లి వద్దంటున్నా వినకుండా ఆ నీళ్లు తాగించాడు. పావుగంటలో ఆమె తేరుకున్నారు. తేరుకున్నాక మొట్టమొదట అన్న మాట: "నన్ను గునహ్‌గార్‌ను చేశావు కదరా!"

ఆ కొడుకు తల దించుకుని కూర్చున్నాడు. తల్లి ప్రాణం కాపాడి కూడా తప్పు చేసినవాడిలా కూర్చున్న ఆ కుర్రవాణ్ణి చూసినప్పటి నుంచి మమ్మల్ని ఒక ప్రశ్న వదలలేదు. ఆ రోజు తప్పు ఎవరిది? దైవం ఇచ్చిన అనుమతిని కాదని కష్టాన్ని ఎంచుకోవడం విశ్వాసంలో ఒక మెట్టు పైకి ఎక్కడమా, లేక కిందికి జారడమా?

ఉపవాసం విధిగా చేసిన సందర్భంలోనే దివ్య ఖుర్ఆన్ (బఖరా సూరా, 184, 185 ఆయతులు) రోగిని, ప్రయాణికుణ్ణి వేరు చేసి, వారు ఆ సంఖ్యను ఇతర దినాల్లో పూర్తి చేసుకోవచ్చని చెప్పింది. అల్లాహ్ తన దాసులకు సౌలభ్యాన్నే కోరుతున్నాడని, కష్టాన్ని కోరడం లేదని కూడా అక్కడే స్పష్టం చేసింది. అంటే ఈ వెసులుబాటు తర్వాత ఎవరో బతిమాలితే ఇచ్చిన మినహాయింపు కాదు. ఆజ్ఞ వచ్చిన చోటే అనుమతీ వచ్చింది. రెండూ ఒకే ప్రభువు మాటలు. ఒకదాన్ని కళ్లకద్దుకుని రెండోదాన్ని "అది బలహీనులకులే" అని పక్కన పెట్టే అధికారం మనకు ఎవరిచ్చారు?

అయితే ఇక్కడ తొందరపడకూడదు. హమ్జా బిన్ అమ్ర్ అస్లమీ (రజి) తరచూ ఉపవాసాలు పాటించేవారు. ప్రయాణంలో రోజా ఉండవచ్చా అని ఆయన అడిగితే, ఉండదలిస్తే ఉండు, విడవదలిస్తే విడువు అని దైవప్రవక్త (స) సమాధానమిచ్చారు. కనుక వెసులుబాటు ఉన్న ప్రతి చోటా దాన్ని వాడుకోవడం తప్పనిసరేమీ కాదు. శక్తి ఉన్నవాడు, హాని లేనివాడు రోజా ఉంటే అది మంచిదే. సమస్య హాని ఉన్నప్పుడు.

మక్కా విజయం జరిగిన ఏడాది (హిజ్రీ 8) రమజాన్‌లో దైవప్రవక్త (స) సహచరులతో కలసి మక్కాకు బయలుదేరారు. అందరూ ఉపవాసంతో ఉన్నారు. కురాఉల్ గమీమ్ అనే చోటికి చేరేసరికి ప్రజలు రోజాతో అవస్థ పడుతున్నారని, వారు మీ వైపే చూస్తున్నారని ఆయనకు విన్నవించారు. ఆయన నీటి పాత్ర తెప్పించి, అందరికీ కనిపించేలా పైకెత్తి తాగారు. ఆ తర్వాత కూడా కొందరు రోజాతోనే ఉన్నారని తెలిసినప్పుడు వారిని అవిధేయులన్నారు. ముస్లిం హదీసు గ్రంథంలోని ఈ ఉల్లేఖనంలో ఒక చిన్న వివరం ఉంది. ఆయన నీళ్లు తాగింది అసర్ తర్వాత! ఇఫ్తార్‌కు ఇంకెంతో సమయం లేదు. "ఇంకెంత, గంటన్నరే కదా" అని ఆయన అనలేదు. మా ఖాలా కూలబడిన వేళ కూడా అదే.

మరో సంఘటన అబూ దావూద్‌లో ఉంది. ప్రయాణంలో తలకు గాయమైన వ్యక్తికి స్నానం విధి అయింది. తయమ్ముమ్‌తో సరిపెట్టుకోవచ్చా అని తోటివారిని అడిగితే, నీళ్లున్నాయి కనుక నీకు ఆ వెసులుబాటు లేదన్నారు. అతను స్నానం చేశాడు, చనిపోయాడు. ఈ సంగతి విన్న దైవప్రవక్త (స) ఆ సలహా ఇచ్చినవారినే హంతకులుగా నిందించారు. తెలియనప్పుడు ఎందుకు అడిగి తెలుసుకోలేదని మందలించారు. మన ఇళ్లలో "ఒక్క గంట ఓర్చుకో, అల్లాహ్ ఉన్నాడు" అని రోగికి ధైర్యం చెప్పే పెద్దలు ఈ సంఘటన మీద కాస్త ఆగాలి. అల్లాహ్ ఉన్నాడు, నిజమే. ఆ గ్లాసుడు చక్కెర నీళ్లు కూడా ఆయన ఇచ్చినవే కదా.

ఇంత చెప్పినా ఖాలా మనసులో ఉన్నది మొండితనమని మేము అనలేం. తొమ్మిదో ఏట మొదటి రోజా ఉన్న మనిషి. యాభై ఏళ్లుగా ఆ ఇంట్లో సహరీకి మొదట వెలిగేది ఆమె పొయ్యే. ఇల్లంతా రోజాతో ఉంటే తాను మాత్రం పగటిపూట అన్నం ముందు కూర్చోవడం ఆమెకు ఒక వెలి లాంటిది. ఈ బాధకు మందుల చీటీలో జవాబు లేదు, కానీ హదీసులో ఉంది. దాసుడు జబ్బు పడినా, ప్రయాణంలో ఉన్నా, ఆరోగ్యంగా ఇంటి దగ్గర ఉన్నప్పుడు చేస్తూ వచ్చిన ఆరాధనలు అతని పేర వ్రాయబడతాయని బుఖారీలో ఉంది. యాభై ఏళ్ల రోజాలు ఎక్కడికీ పోలేదు. ఈ మాట ఆమెకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. మేమూ చెప్పలేదు.

పైగా ఆ బాధను పెంచేది మనమే. రమజాన్‌లో ఎదురుపడిన ప్రతివారినీ "రోజా ఉన్నారా?" అని అడగడం మనకు పలకరింపు అయిపోయింది. ఆ ప్రశ్నకు భయపడి ఎందరు రోగులు మాత్రలు మానేస్తున్నారో, ఎందరు తలుపు చాటున నీళ్లు తాగుతున్నారో! ఆరాధన దాసుడికీ ప్రభువుకూ మధ్య విషయం. అడగనవసరం లేదు.

భయాలు ఊహలు కావు. 2001లో 13 దేశాల్లో 12,000 మందికి పైగా షుగర్ ఉన్న ముస్లిములపై జరిపిన ఎపిడయార్ అధ్యయనంలో, చక్కెర ప్రమాదకరంగా పడిపోయి ఆసుపత్రి పాలైనవారు రమజాన్‌లో టైప్ 1 వారిలో 4.7 రెట్లు, టైప్ 2 వారిలో 7.5 రెట్లు పెరిగినట్లు తేలింది. అలాగని షుగర్ ఉన్న ప్రతివారూ రోజా మానాలని కాదు. ఆహార నియమంతోనో, మెట్‌ఫార్మిన్ వంటి మాత్రతోనో అదుపులో ఉన్నవారు చాలామంది వైద్యుని సలహాతో క్షేమంగా ఉండగలరు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవారికి చక్కెర పడిపోయే ముప్పు ఎక్కువ. మూత్రపిండాల జబ్బు ముదిరినవారు, ఇటీవల చక్కెర బాగా పడిపోయినవారు, గర్భవతిగా ఉండి ఇన్సులిన్ తీసుకునేవారు మరింత జాగ్రత్త పడాలి. నెలవంక కనిపించాక కాదు, ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మందుల వేళలు, మోతాదులు మార్చాల్సింది ఆయనే. పక్కింటి భాయ్ మార్చుకున్నట్లు మనం మార్చుకోకూడదు.

రోజాలో వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించుకుంటే రోజా భంగం కాదు. 70 కంటే తగ్గినా, 300 దాటినా ఇక ఆలోచన వద్దు, విరమించాలి. మిషన్ అందుబాటులో లేకపోయినా వణుకు, చెమట, కళ్లు తిరగడం ఉంటే అంతే. స్పృహ ఉంటేనే నోటికి తీపి ఇవ్వాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏదీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ప్రాణ భయంతో విడిచిన రోజాకు కఫ్ఫారా లేదు, కోలుకున్నాక ఒక రోజు ఖజా చాలు. మన ప్రాంతంలో వేసవి రోజా 14 గంటలు దాటుతుంది, డిసెంబరులో 12 గంటల పైచిలుకే. వైద్యుడు సరేనంటే ఆ చిన్న రోజుల్లో ఖజా తీర్చుకోవచ్చు. ఇక కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా ఉంది.

ఒక్క మాట మాత్రం చెప్పకుండా ఉండలేం. పగలంతా ప్రాణం మీదకు తెచ్చుకుని రోజా కాపాడుకున్న మనిషే ఇఫ్తార్‌లో ఆరు ఖర్జూరాలు, రెండు గ్లాసుల షర్బత్, ఆపైన నెయ్యి తేలే హలీం తీసుకుంటారు. సహరీ మాత్రం అర్ధరాత్రే ముగించి పడుకుంటారు. సహరీని చివరి వేళ వరకు ఆలస్యం చేయడం, ఇఫ్తార్‌లో తొందరపడటం సున్నత్. రోగికి అంతకంటే మంచి వైద్య సలహా దొరకదు. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు అన్న ప్రవక్త బోధ కూడా మిగతా పదకొండు నెలలకే కాదు, రమజాన్‌కూ వర్తిస్తుంది.

తర్వాతి సంవత్సరం మస్జిద్ ఇమామ్ గారు స్వయంగా ఆ ఇంటికి వెళ్లి ఖాలాతో మాట్లాడారు. నీటి పాత్ర సంఘటన విన్నాక ఆమె చాలాసేపు మౌనంగా ఉండిపోయారట. తర్వాత కొడుకును పిలిచి అతని తల మీద చేయి వేశారు. ఇప్పుడామె రోజాలు ఉండటం లేదు. సహరీకి మాత్రం అందరికంటే ముందే లేచి వడ్డిస్తారు. ఫిద్యా కింద రోజూ ఒక పేదకు రెండు పూటలకూ సరిపడా తన చేత్తోనే వండుతారు. మగ్రిబ్ అజాన్‌కు కాస్త ముందు మనవడు ఆ టిఫిన్ క్యారియర్ పట్టుకుని వీధి చివరి ఇంటికి వెళ్తాడు. వాడు తిరిగి వచ్చేదాకా ఆమె గుమ్మం దగ్గరే నిలబడి ఉంటారు.