చివరి గుర్రం

కోకాపేటలో గండిపేట చెరువు కనిపించే ఎత్తైన అపార్ట్‌మెంటు. అందులో ఉండే ఒక సాఫ్ట్‌వేరు ఉద్యోగికి బొమ్మలు వేయడం సరదా. 1886లో పందేలు మొదలైన మలక్‌పేట రేసుకోర్సులో ఓ వానాకాలపు రేసు చూసొచ్చి, పెద్ద కాన్వాసు మీద ఆరు గుర్రాల పందెం మొదలుపెట్టాడు.

శనాదివారాలన్నీ ముందున్న గుర్రం కాళ్లకే పోయేవి. అతని పట్టుదలకు కారణం ఉంది. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సమ్ డెర్బీ చిత్రంలో గుర్రాలు కాళ్లు ముందుకీ వెనక్కీ బారచాపి గాల్లో తేలుతుంటాయి. 1878లో కాలిఫోర్నియాలో ఫొటోగ్రాఫరు మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి ఫొటోలు తీశాక అసలు సంగతి తేలింది. దౌడులో నాలుగు గిట్టలూ నేల విడిచేది కాళ్లు పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడే. జెరికో బొమ్మ గొప్పతనం దానివల్ల తగ్గలేదనుకోండి. మనవాడు మాత్రం ఆ తప్పు చేయదలచుకోలేదు. గిట్ట, మోకీలు, నరం అన్నీ ఫొటోలు చూసి మరీ దించాడు. వెనకొచ్చే గుర్రాల దగ్గరికి వచ్చేసరికి ఓపిక తగ్గుతూ వచ్చింది. ఆరోదానికి కాళ్లే వేయలేదు. గోధుమరంగు పులిమేసి, దుమ్మని సరిపెట్టుకుని, కింద సంతకం చేసేశాడు.

ఫ్రేము మోసుకొచ్చిన వాచ్‌మన్ బొమ్మ ముందు నిలబడిపోయాడు. వయసులో ఉండగా మలక్‌పేటలో గుర్రాల బాగోగులు చూసే సైసుగా పనిచేసిన మనిషి.

"గీ ఎనుకదానికి కాళ్లు లేవేంది సార్?"

"దుమ్ములో కనపడవు కదన్నా."

"వానకాలం పచ్చిగడ్డి మీద దుమ్మెక్కడిది సార్? మట్టిపెళ్లలు లేస్తయి. ముందటి గుర్రాలు తన్నిన మట్టంత ఎనుకదాని మొఖం మీదనే పడ్తది. చెవులు ఎనుకకు పెడ్తది, కండ్లు చిట్లిస్తది, అయినా ఉరుకుతది. రేసయినంక గెలిచినదాన్ని ఎంత మంచిగ నడిపిచ్చి కడుగుతమో, దీన్ని గూడ గంతే. రెండూ ఉరికింది ఒక్కటే దూరం కద."

ఆ రాత్రే అతను సంతకం చెరిపేశాడు. ఆరో గుర్రానికి కాళ్లు వచ్చాయి. చెవులు వెనక్కి ఒరిగాయి. రంగు కలిపే కత్తి అంచుతో మట్టిరంగు ముద్దలుగా తీసి దాని మూతి మీద, మెడ మీద, జాకీ కళ్లద్దాల మీద అద్దాడు. సంతకం మళ్లీ పెట్టడానికి ఇంకా చాలా వారాలు పట్టింది.

నీతి: ఎవరూ చూడరులే అనుకున్న చోట కూడా అంతే శ్రద్ధ పెట్టినప్పుడే పని పూర్తయినట్టు.

సరదాకి కుంచె పట్టే మిత్రులారా, మలక్‌పేటలో వానాకాలం రేసులు జూలై నుంచి అక్టోబరు దాకా జరుగుతాయి. కంచె దగ్గర నిలబడి చూడండి. గెలిచిన గుర్రం గీత దాటిందని చూపు తిప్పుకోకండి. ఆఖరుది వచ్చేదాకా ఆగండి, ఇంటికొచ్చి ముందు దాన్నే వేయండి.