బర్తిమయిని అడిగిన ప్రశ్న

ధ్యానభాగము: మార్కు 10:46–52



యెరికో త్రోవప్రక్కను కూర్చున్న బర్తిమయి కేకవేసినప్పుడు ఊరకుండుమని అనేకులు గద్దించిరి. ప్రభువైతే నిలిచి, అతనిని పిలిపించి, తన వలన ఏమి కోరుచున్నాడో అతనినే అడిగెను. చూపులేనివానికి ఏమి కావలెనో ఆయనకు తెలియదా? తెలియును. అయినను అడిగెను. మేలు చేయకమునుపే అతని మాటకు విలువనిచ్చెను.

ఈ భాగము చదివినప్పుడెల్ల మా ఆదివారపు బడి జ్ఞాపకము వచ్చును. అందులో కాళ్లు చచ్చుబడిన బాలుడొకడుండెను. వానినెందుకు శ్రమపెట్టవలెనని మేము కానుకసంచి పట్టు పని అతనికి ఎన్నడును ఇయ్యలేదు. తరగతి పెద్దను ఎన్నుకొనునప్పుడు అతని మాట అడుగనులేదు. అది కనికరమని తలంచితిమి. ఒకనాడు అతడు, “అయ్యగారూ, నేను ఈ బడివాడిని కానా?” అనెను. మాకు జవాబు లేకపోయెను.

వికలాంగులైన బిడ్డలను తోటి పిల్లలతోకూడ చేర్చుకొని చదువు చెప్పవలెనని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము విధించుచున్నది. చట్టము తలుపు తెరచును. లోపలికి వచ్చిన బిడ్డను అడుగవలసినది మనమే. పౌరధర్మము పుస్తకములోని పాఠము మాత్రమే కాదు. వినికిడి లేని బిడ్డకు సైగలతో, చూపులేని బిడ్డకు బ్రెయిలీ లిపిలో, నిదానముగ గ్రహించు బిడ్డకు బొమ్మలతో హక్కులను విధులను నేర్పి, తరగతి పనిలో పాలు ఇయ్యవలెను. ఓటు యంత్రముమీద బ్రెయిలీ అంకెలున్నవి. గాని 18 ఏండ్లు ఎవరును అడుగని బిడ్డ ఆ దినమున తన మనస్సు ఎట్లు తెలుపును?

బరువు మోయలేనివారిమీద బరువు పెట్టుట ధర్మమా అని కొందరందురు. గలతీ 6వ అధ్యాయములో పౌలు ఒకరి భారములనొకరు భరింపుమనెను. ప్రతివాడును తన బరువు తానే భరించుకొనవలెననియు అక్కడనే వ్రాసెను. మోయలేని బరువు పెట్టుట క్రూరము. మోయగల బరువును తీసివేయుట అవమానము.

నాటి మిర్యాలగూడ లోక్‌సభ స్థానమునుండి 1999లోను 2004లోను ఎన్నికైన కీర్తిశేషులు ఎస్. జైపాల్ రెడ్డిగారు పసితనమున పోలియో సోకి, ఊతకఱ్ఱలతో నడచినవారు. 1998లో ఉత్తమ పార్లమెంటు సభ్యుని పురస్కారము పొందిరి. ఆయన మన పక్షమున మాటలాడవలెనని ఈ ప్రాంతమువారే ఓటు వేసిరి. అట్టి మనము మన యింటి బిడ్డను మూలను కూర్చుండబెట్టుదుమా?

వేములపల్లి తలిదండ్రులారా, బిడ్డను బడికి పంపుడి. ఇంటి సంగతులలో అతని అభిప్రాయమడుగుడి. సంఘముగా మనము వచ్చు ఆదివారము కానుకసంచి అతని చేతికిత్తము.

ప్రభువా, గద్దించిన గుంపులో మేముంటిమి. నీవలె నిలిచి అడుగుటకు మాకు నేర్పుము. ఆమేన్.