మనవాళ్లు అనే గిరి

‘వాళ్లు చెడ్డవాళ్లే కావచ్చు, తమవాళ్లను మాత్రం ప్రాణంలా చూసుకుంటారు’ అని నేర కుటుంబాల గురించి మెచ్చుకోలుగా అంటుంటారు. ఆ మాట నిజం కాదని నా గట్టి నమ్మకం. ధర్మాన్ని గడప బయట వదిలేసిన బంధుప్రీతి ఎంతోకాలం ప్రీతిగా నిలవదు. అన్యాయంగా తెచ్చిన సొత్తు పంచుకోవడానికి ఏ కోర్టుకూ వెళ్లలేరు కనుక, పరాయివాడి మీద ఎత్తిన కత్తే ఇంట్లోనూ తీర్పు చెబుతుంది.

2025 మార్చి నుంచి ఎడిన్‌బర్గ్, గ్లాస్గో ప్రాంతాల్లో ముఠా కక్షలతో ఇళ్లూ వ్యాపారాలూ తగలబడ్డాయి. స్కాట్లాండ్ పోలీసులు ‘ఆపరేషన్ పోర్టలెడ్జ్’ పేరిట పదుల సంఖ్యలో అరెస్టులు చేశారు. ఆ కేసుల సంగతి కోర్టులు తేలుస్తాయి. నా వాదానికి ఎడిన్‌బర్గ్ పాత చరిత్రే చాలు. 1440 నవంబరు 24న, పదేళ్ల రాజు రెండో జేమ్స్ ఎదుట విందుకని ఎడిన్‌బర్గ్ కోటకు రప్పించి, సుమారు పదహారేళ్ల డగ్లస్ ప్రభువు విలియమ్‌కూ, తమ్ముడు డేవిడ్‌కూ రాజద్రోహం అంటగట్టి తలలు నరికించారు. ముందుండి నడిపింది, బాలరాజు పేరిట అధికారం చెలాయిస్తున్న క్రైటన్, లివింగ్‌స్టన్ వర్గాలు. ప్రభువు పదవి దక్కింది మాత్రం ఆ పిల్లల చినతాత జేమ్స్‌కు. ఆయన పగ తీర్చుకోలేదు సరికదా, ఆ కుట్రలో ఆయన చెయ్యీ ఉందని చరిత్రకారులు అనుమానిస్తారు. ఆయన కొడుకు, చనిపోయిన కుర్రాళ్ల తోబుట్టువు మార్గరెట్‌ను పెళ్లాడి ఆమెకు దక్కిన గాలోవే ఆస్తినీ కలుపుకున్నాడు. అతణ్ని 1452లో స్టిర్లింగ్ కోటలో రాజే స్వయంగా కత్తితో పొడిచాడు. 1455లో వంశం భూములు పోయినప్పుడు రాజు పక్షాన నిలిచి బాగుపడింది ఆ వంశంలోనే మరో శాఖ, ఎర్ర డగ్లస్‌లు.

ప్రభువుల రాజకీయాన్ని ముఠాల గొడవతో ఎలా పోలుస్తారని అడగవచ్చు. హోదా వేరు, నిజమే. కానీ భయపెట్టి సంపాదించినదాన్ని భయంతోనే కాపాడుకోవాల్సిన గతి ఇద్దరిదీ. మన దగ్గరా అంతే. 2011 జనవరిలో హైదరాబాద్‌లో ఫ్యాక్షన్ నాయకుడు మద్దెలచెరువు సూరిని చంపింది ఎదుటి వర్గం కాదు, వెంట తిరిగిన అనుచరుడేనని 2018లో కోర్టు తేల్చింది.

మరి తప్పు చేశారని సొంతవాళ్లను వదిలేయడం ద్రోహం కాదా? ఈ ప్రశ్న బరువైనది. మహాభారతంలో ధృతరాష్ట్రుడు కొడుకుని వదులుకోలేక నూరుగురినీ పోగొట్టుకున్నాడు. ఆ నూరుగురు కాక ఆయనకున్న మరో కొడుకు యుయుత్సుడు అన్నదమ్ముల్ని విడిచి ధర్మపక్షానికి వెళ్లాడు. కానీ కన్నవాళ్లను విడవలేదు. ధృతరాష్ట్రుడు పోయాక ఆ తండ్రికి తిలోదకాలు ఇచ్చేటప్పుడు, పాండవులు ముందు నిలబెట్టింది ఆ యుయుత్సుణ్నే.