పుంజు ఎవరిది?

హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో ఒక నల్గొండ అబ్బాయి, ఒక తెనాలి అమ్మాయి కలిసి చదువుకున్నారు. అబ్బాయి చెయ్యి తిరిగినవాడు. పెన్సిల్ ఎత్తకుండా ఒక్క గీతలో ఎద్దును నిలబెట్టేవాడు. అమ్మాయిది నిదానం. ఒక్క ముఖం కుదరడానికి పది కాగితాలు చింపేది. ఉద్యోగాల జోలికి పోకుండా సొంతంగా బొమ్మలు వేసుకుని బతుకుదామని ఇద్దరూ ఒకేసారి బయటికొచ్చారు.

ఎవరైనా ఫోన్ చేసి “తమ్ముడూ, చిన్న బొమ్మే, పొద్దున్నకల్లా కావాలి” అంటే చాలు, అబ్బాయి “సరే అన్నా” అనేవాడు. ఎంతిస్తారని అడగడానికి మొహమాటం. పని చూస్తే వాళ్లే ఇస్తారులే అనుకునేవాడు. శుభలేఖలు, యాప్ బొమ్మలు, స్కూలు పుస్తకాలు, ఎన్నికల పోస్టర్లు... తిండికి తీరిక లేనంత పని.

అమ్మాయి పద్ధతి వేరు. పని అడిగినవాళ్లకు ముందు ఒక పేజీ కాగితం పంపేది. బొమ్మలు ఎన్ని, ఎక్కడ వాడతారు, మార్పులు ఎన్నిసార్లు, పేరు ఎక్కడ వేస్తారు, సగం అడ్వాన్స్ ఎప్పుడిస్తారు. ఇద్దరి సంతకాలూ పడ్డాకే రంగులు తీసేది. “నాలుగు బొమ్మలకు ఇంత రామాయణమా?” అని చాలామంది వెనక్కి తిరిగారు. అద్దె కట్టడానికి అపార్ట్‌మెంట్ పిల్లలకు డ్రాయింగ్ నేర్పింది. “నీ కాగితాలతో నువ్వు పస్తులుంటావే” అని అబ్బాయి నవ్వేవాడు.

ఒకసారి అబ్బాయిని ఒక పచ్చళ్ల కంపెనీ ఓనరు పుంజు బొమ్మ అడిగాడు. ముక్కున ఎండుమిరపకాయ, ఒక కాలు పైకెత్తి, మెడ ఎగరేసిన పుంజు. ఇక వరసగా వాయిస్ మెసేజ్‌లు: తోక పొడుగైంది, తోక పొట్టిదైంది, కళ్లలో పొగరు చాల్లేదు, పొగరు ఎక్కువైంది. చివరికి “మొదటిదే బాగుంది తమ్ముడూ” అన్నాడు. ఫోన్‌పేలో అయిదు వేలు వచ్చాయి.

ఏడేళ్లలో ఆ పుంజు సీసాల మీదికి, బస్సుల వెనక్కి, పిల్లల టీషర్టుల మీదికి ఎక్కింది. అబ్బాయి వెళ్లి అడిగాడు. “గీసినందుకు ఇచ్చాం కదా!” అన్నాడు ఓనరు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

అబ్బాయి వకీలు దగ్గరికి పోయాడు. ఆయన అడిగిన మొదటి మాట, “కాగితమేదైనా ఉందా?”

“లేదు సార్, ఫోన్లోనే మాట్లాడుకున్నాం.”

“1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ఉంది బాబూ. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవాడే మొదటి హక్కుదారు. నీది పెయింటింగ్ కాదు, డ్రాయింగ్ అని వాదించొచ్చు. ఆ వాదనకయ్యే ఖర్చు నీ పుంజుకన్నా పెద్దది.”

అదే నెలలో అమ్మాయికి ఒక ప్రచురణకర్త ఫోన్ చేశాడు. ఆమె మొదట్లో బొమ్మలేసిన పిల్లల పుస్తకాన్ని మళ్లీ అచ్చువేయాలి, కన్నడంలో కూడా తేవాలి. పాత కాగితం తీసి చూస్తే గడువు రాయడం మరిచిపోయింది. కానీ బొమ్మలు తనవేనని, తెలుగులో అచ్చువేసే హక్కు మాత్రమే రాసిస్తున్నానని అందులో ఉంది. గడువు రాయని హక్కు బదలాయింపు అయిదేళ్లకే చెల్లుతుందని అదే చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. కన్నడం మాట ఆ కాగితంలో అసలే లేదు. ప్రచురణకర్త రెండింటికీ మళ్లీ డబ్బు కట్టాడు.

నీతి: విద్య ఎంత గొప్పదైనా, షరతులు ముందే రాసుకోనివాడు తన బొమ్మకు తానే పరాయివాడవుతాడు.

పచ్చళ్ల ఓనరు మోసగాడు కాదు. మాట్లాడుకున్నది ఇచ్చాడు. మాట్లాడుకోనిది ఇవ్వలేదు. అడగందే అమ్మయినా పెట్టదు, ఇక వ్యాపారి ఎందుకు పెడతాడు? మొహమాటం మన దగ్గర మర్యాద కింద చెల్లుతుంది గానీ, సొంతంగా పని చేసుకునేవాడికి అది మొదటి నష్టం. తప్పులున్న కాగితమైనా ఆ అమ్మాయిని కాపాడింది. కాగితమే లేకపోతే ఎంత చెయ్యి తిరిగినవాడినైనా కాపాడేదేమీ లేదు.

పేరు సంగతీ అంతే. బొమ్మ కింద ‘బాపు’ అన్న రెండక్షరాలు తెలుగు పాఠకుడికి కొండగుర్తు. హక్కులు అమ్ముకున్నా, ‘ఇది నా బొమ్మ’ అని చెప్పుకునే హక్కు చిత్రకారుడికే ఉంటుందని చట్టం 57వ సెక్షన్ అంటోంది. ఆ హక్కును మొదటి రోజు నుంచే వాడుకోవాలి.

కాబట్టి బొమ్మలు వేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి ఫోన్ రాగానే పెన్సిల్ ముట్టుకోకముందే అడగండి: ఎక్కడ వాడతారు, ఎన్నాళ్లు, ఎన్ని మార్పులు, ఎంత? జవాబులు కాగితం మీద పెట్టించండి. అడిగినందుకు పోయే బేరం, అడక్కపోయినా గిట్టేది కాదు.