ఎరుకయు ఏకాగ్రతయు

కొందరు పుట్టుకతోనే మెలకువ గలవారు. ఎదుటివాని ముఖమున మారిన ఛాయను ఇట్టే కనిపెట్టుదురు. తమలో కోపము పొడచూపగానే దానిని తామే పసిగట్టుదురు. మరికొందరి మనస్సు కొమ్మనుండి కొమ్మకు దూకు కోతి వంటిది. ఇష్టలింగమును కరస్థలమున నిలిపి కూర్చుండిన నిమిషములోనే వారి తలపు పొలము గట్టునకో, బజారునకో పోవును. తమవంటివారికి శివయోగము అబ్బునా యని అట్టివారు నిరుత్సాహపడుదురు. సహజమైన ఎరుకకును, అభ్యాసముచే కుదురు ఏకాగ్రతకును గల సంబంధమును విచారించినచో ఈ సందేహము తీరును.

ఈ రెండును ఒకటి కావు. ఏకాగ్రత యనగా మనస్సును ఒక్కచోట నిలుపుట. ఎరుక యనగా ఆ మనస్సు ఎచట నున్నదో, చుట్టును ఏమి జరుగుచున్నదో తెలిసియుండుట. దివిసీమలో కోడూరు ప్రాంతపు వరిచేలలో ఊడ్పుల వేళ కొంగలు కానవచ్చును. కదలక మెదలక చేపపైననే చూపు నిలిపిన కొంగకు మించిన ఏకాగ్రత యెవరికి కలదు? అయినను లోకము దానిని యోగి యనలేదు; కపటభక్తికే కొంగజపమని పేరు పెట్టినది. చూపు నిలుచుట ఒక బలము మాత్రమే. ఆ బలము దేనికొరకు అను ప్రశ్నకు ఏకాగ్రత సమాధానము చెప్పదు. అదే చేలో నాటు వేయు తల్లిని చూడుడు. చేయి నారు తప్పదు. గట్టుమీది చెట్టుకు కట్టిన ఉయ్యాలలో బిడ్డ కదలిక చెవిని దాటిపోదు. అది ఎరుక.

ఈ రెండింటి కలయికయే తెలుగువారి అవధానము. బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రితో జంటగా ఈ విద్యను ఆంధ్రదేశమున ప్రసిద్ధము గావించిరి. అష్టావధానమున ఒకరు అక్షరమును నిషేధింతురు. ఒకరు సమస్య నిత్తురు. అప్రస్తుత ప్రసంగము చేయువారు దృష్టి మరల్చజూతురు. నడుమ గంటలు మ్రోగును. అవధాని పద్యపాదమును విడువడు, గంటల లెక్కయు తప్పడు. ఏకాగ్రత మాత్రమే యున్నచో గంటలు వినబడవు; ఎరుక మాత్రమే యున్నచో పద్యము పూర్తికాదు.

మనస్సు చలించుట ఒక్కరి దోషము కాదు. 2010లో ప్రకటితమైన హార్వర్డు పరిశోధనలో 2,250 మందిని దినములో వేర్వేరు వేళల ప్రశ్నింపగా, సుమారు 47 శాతము వేళలలో వారి మనస్సు చేయుపనియందు లేదని తేలినది. తప్పిపోవు మనస్సును మరల మరల వెనుకకు తెచ్చుకొను శక్తియే వివేకమునకును శీలమునకును మూలమని మనస్తత్త్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే వ్రాసెను. చలించినదని తెలిసిన క్షణము ఎరుక. మరల లింగమున నిలిపిన క్షణము ఏకాగ్రత. మొదటిది లేక రెండవది పుట్టదు. సహజముగా ఎరుక గలవాడు త్వరగా మరలును, లేనివాడు ఆలస్యముగా మరలును. మరలవలసిన పని ఇరువురికిని తప్పదు.

వీరశైవమున షట్స్థలములలో మూడవదగు ప్రసాదిస్థలమునకు చెప్పబడినది అవధానభక్తి. అది భక్తస్థలపు శ్రద్ధకును, మహేశస్థలపు నిష్ఠకును పిమ్మట వచ్చును. ఈ క్రమమే చాలును: అవధానము పుట్టుకతో వచ్చు వరము మాత్రమే కాదు, శ్రద్ధానిష్ఠలు పెంచిన ఫలము. తనకు లభించిన ప్రతిదానిని శివప్రసాదముగా గైకొనువాడు ప్రసాది. మెలకువ లేక గైకొన్నది ప్రసాదము కాక భోగమే యగును.

మరియొక విశేషము కలదు. ఇష్టలింగ పూజలో చూపు లింగముపై నిలుచును. అది లోకమును మరచుటకు కాదు. శరణులు కాయకమును, దాసోహమును పూజతో సమముగా నిలిపిరి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని బలిగొన్నది. అట్టివేళ వాకిట కేక వినని ఏకాగ్రత ఎవరికి ప్రయోజనము? పూజలో ఎంతసేపు చూపు నిలిచినదని కాక, పూజనుండి లేచిన పిదప ఎవరి ఆకలి కంటబడినదని చూచుకొనుటయే సాధకునికి సరియైన పరీక్ష. చపలచిత్తుడు ఈ పరీక్షలో నెగ్గవచ్చును, నిశ్చలుడు ఓడనూవచ్చును.