చీటీ తీసి తెలిసికొందుమా?



కుమార్తెకు సంబంధము వచ్చినది. పిల్లవాడు బుద్ధిమంతుడని కొందరు, త్రాగునని కొందరు. పొలము అమ్మినగాని పెండ్లి జరుగదు. తండ్రికి నిద్ర పట్టదు. ఇట్టి వేళ మనలో కొందరము ఏమి చేయుదుము? అవునని, కాదని రెండు చీటీలు వ్రాసి, బైబిలులో ఉంచి ప్రార్థించి, చిన్నబిడ్డచేత ఒకటి తీయింతుము. ఇష్టములేని చీటీ వచ్చినయెడల మూడుమారులు తీయవలెనందుము!

గిద్యోను గొఱ్ఱెబొచ్చును మనము సాక్ష్యముగా చూపుదుము. అయితే న్యాయాధిపతులు 6వ అధ్యాయమును నెమ్మదిగా చదువుడి. వెళ్లి ఇశ్రాయేలీయులను రక్షింపుమని దేవుడు అతనికి ముందే సెలవిచ్చియుండెను. ఆ బొచ్చు అతనికి త్రోవ చూపలేదు. దేవుడు అతని భయమును సహించెను, అంతే. మత్తీయ విషయములోనో, తగినవాడెవడో శిష్యులు ముందు విచారించి, ఇద్దరిని నిలువబెట్టి, పిమ్మటనే చీట్లు వేసిరి.

జాన్ వెస్లీగారు 1737లో జార్జియాలో ఒక యువతిని పెండ్లాడుటనుగూర్చి చీట్లు వేయగా, ఆ తలంపు మానుమని వచ్చెను. కొద్ది దినములకే ఆమె వేరొకని వివాహమాడెను. ఆగష్టులో ఆయన ఆమెకు ప్రభువు బల్లను నిరాకరించెను. వ్యవహారము కోర్టుకెక్కెను, డిసెంబరులో ఆయన ఆ దేశమే విడిచెను. చీటీ తీర్పు చెప్పెనుగాని ఆయన మనస్సును నిమ్మళపరచలేదని మాకు తోచుచున్నది. అంతటి దైవజనుడే అట్లు చిక్కుకొనగా మన మాట చెప్పనేల?

మనకు చీటీ ఎందుకు ఇష్టము? రేపు కీడు జరిగిన, దేవుడే చెప్పెనని తప్పించుకొనవచ్చును. ఇది కొంచెము కఠినమైన మాటయే.

పిల్లవాడు త్రాగునో లేదో పరలోక మర్మము కాదు. ఆ యూరికి బస్సు ఉన్నది. పెద్దలిద్దరు చెప్పకుండ వెళ్లి, అక్కడి పాస్టరుగారిని, పొరుగువారిని, అంగడివానిని అడుగవచ్చును. పొలము అమ్మిన డబ్బు కట్నమునకేనా? అట్లయిన 1961 నుండి చట్టమే దానిని నిషేధించినది. దానికి చీటీ అక్కరలేదు. చిన్నవాని చదువు ఏమగునో భార్యతో కూర్చుండి లెక్క వేయుడి. ఇవన్నియు ప్రార్థనకు విరోధములు కావు. తెలిసికొనగలిగిన దానిని తెలిసికొనకుండ మోకాళ్లూనుట సోమరితనము.

అన్నియు విచారించిన తరువాతను రెండు త్రోవలును మంచివిగానే కనబడినయెడల? అప్పుడు దేనిని ఎన్నుకొన్నను ప్రభువు వెంట వచ్చునని మేము నమ్ముచున్నాము.

ఇంతకు, అమ్మాయిని అడిగితిరా? పదిమంది ఎదుట కాదు. వంటయింటిలో, తల్లి ఒక్కతె, తొందరపెట్టకుండ. ఆమె తల వంచుకొని మాటలాడనియెడల దానిని సమ్మతిగా ఎంచక, మరునాడు మరల అడుగుడి.